చెయ్యి చెప్పే లెక్క

తొమ్మిదేళ్ల మా వాడు ఎండాకాలం సెలవులకు జహీరాబాద్ దగ్గరి మా ఊరికి వెళ్తూ సంచిలో ఒక కొలత గ్లాసు పెట్టుకున్నాడు. పక్కన మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు. ఈసారి నాయనమ్మ దగ్గర జొన్నరొట్టె నేర్చుకునే తీరాలని వాడి పట్టు. నీళ్లు ఎన్ని పొయ్యాలని ఫోన్లో ఎన్నిసార్లు అడిగినా మా అమ్మ జవాబు ఒకటే: "అందాజగ పోసుకోవాలె బిడ్డా." ఆ అందాజ ఎంతో కొలిచి రాసుకొచ్చేస్తే పని అయిపోతుందని వాడి నమ్మకం.

మొదటి రోజు ఆమె పిండి తీస్తుంటే ఆపి కొలిచాడు. ఎసరు నీళ్లు పొయ్యబోతుంటే ఆపి కొలిచాడు. నోటుబుక్కులో రెండు అంకెలు రాసుకున్నాడు. రొట్టెలు ఎప్పటిలాగే పొంగాయి. మర్నాడు తనే పీట ముందు కూర్చుని, సరిగ్గా అంతే పిండిలో అంతే నీళ్లు పోశాడు. ముద్ద కట్టలేదు. పిడికిట్లో బిగిస్తే ఉండలా నిలిచింది, వేళ్లు విప్పగానే పొడిపొడిగా రాలింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "లెక్క తప్పలే నాయనమ్మా" అని నోటుబుక్కు తెచ్చి చూపించాడు.

ఆమె చిటికెడు పొడిపిండి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసింది. "నిన్నటిది బరక పిండి. ఇయ్యాల్టిది గిర్నిల సన్నగ పట్టిండు. ఇది నీళ్లు ఎక్కువ తాగుతది" అంది.

ఆ మాట అక్షరాలా నిజం. గింజను ఎంత మెత్తగా విసిరితే పిండి రేణువులకు నీళ్లు తగిలే పైభాగం అంత పెరుగుతుంది. పైగా గిర్నీ రాళ్ల మధ్య నలిగినప్పుడు పిండిపదార్థపు రేణువులు కొన్ని చిట్లిపోతాయి. చిట్లని రేణువు చల్లటి నీటిని అంతగా రానివ్వదు, చిట్లింది దాన్ని స్పాంజిలా పీల్చుకుంటుంది. గింజలో మిగిలిన తేమ, నిల్వ ఉన్న కాలం, ఆ రోజు గాలిలో తడి, ఇవన్నీ నీటి లెక్కను అటూ ఇటూ జరుపుతాయి. మా వాడు రాసుకున్న అంకెలు తప్పు కాదు. అవి ఒక్క రోజుకు, ఒక్క గిర్నీకి, ఒక్క సంచి పిండికి చెందిన అంకెలు.

మూడో రోజు వాడు నీళ్లు పెంచాడు. ఈసారి ముద్ద కట్టింది, కానీ తట్టడం మొదలుపెట్టగానే అంచులన్నీ ఎండిన చెరువులా పగుళ్లు విచ్చాయి. ఈ రెండో ఓటమికి కారణం వేరు. అది తెలియాలంటే జొన్నపిండికీ గోధుమపిండికీ ఉన్న తేడా కొంచెం నిదానంగా చూడాలి.

గోధుమపిండిని తడిపి పిసికితే దానిలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని సాగే వలలా అల్లుకుంటాయి. గ్లూటెన్ అంటే ఆ వలే. చపాతీ కర్ర కింద తెగకుండా పరుచుకోవడం దాని చలవే. జొన్నకు ఆ వసతి లేదు. జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం కాఫిరిన్. అది గింజలో అతి సూక్ష్మమైన గుండ్రటి పొట్లాల్లో ముడుచుకుని ఉంటుంది, నీళ్లు తగిలినా విప్పుకోదు. అందుకే చన్నీళ్లతో కలిపిన జొన్నపిండిని కర్రతో ఒత్తబోతే విరిగిపోతుంది.

మరి రొట్టెను పట్టి ఉంచేదేమిటి? గంజి. పిండిపదార్థపు రేణువు వేడినీటిలో సుమారు 70 డిగ్రీలు దాటాక ఉబ్బుతుంది, లోపలి అమరిక సడలిపోతుంది, కొంత పదార్థం బయటికి కారి జిగురవుతుంది. అన్నం గంజికి జిగట వచ్చేదీ, మైదా ఉడికించి పోస్టర్లు అతికించేదీ ఈ గుణంతోనే. రొట్టె పిండిలో కొంత భాగం ఇలా జిగురుగా మారితే చాలు, మిగతా పిండిని అది కలిపి పట్టుకుంటుంది. మొత్తం జిగురైతే చేతికి అంటుకుపోతుంది. అసలు కాకపోతే పగుళ్లే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సలసల మరిగే నీళ్లు 100 డిగ్రీలు. ఎండాకాలం ఇంట్లో పిండి 30 డిగ్రీలు అనుకుందాం. రెండూ సమాన బరువులో కలిపితే సగటున 65 వస్తుందనిపిస్తుంది. కానీ వేడిని పట్టి ఉంచే గుణం నీటితో పోలిస్తే పొడిపిండికి సగంకన్నా తక్కువ. అందువల్ల మిశ్రమం 80 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పళ్లెం కూడా కొంత వేడి లాక్కుంటుంది కాబట్టి ఇంకాస్త తగ్గించుకుందాం. అంటే గంజి కట్టే గీతకు కాస్త పైన ఉన్నాం, అంతే. అదే నీళ్లు 85 డిగ్రీలకు చల్లారాక పోస్తే మిశ్రమం 70 కూడా చేరదు. మా వాడు మరిగే నీటిని కొలత గ్లాసులోకి వంపి, గీత దగ్గర కన్ను పెట్టి చూసి, ఎక్కువైందని కొంచెం తీసి, మళ్లీ చూసి, అప్పుడు పిండిలో పోశాడు. కొలత ఖచ్చితంగా ఉంది. ఆ ఖచ్చితత్వం కోసం పట్టిన సమయంలోనే నీళ్లు చల్లారిపోయాయి.

"మసులుతున్నప్పుడే పొయ్యాలె కొడుకా. పొయ్యి మీంచి దించి ముచ్చట పెడితే రొట్టె ఇరుగుతది" అంది మా అమ్మ. ఆమెకు 70 డిగ్రీల గీత సంగతి తెలియదు. ఆ గీతకు ఏ వైపు ఉన్నామో మాత్రం యాభై ఏళ్లుగా తప్పకుండా తెలుసు.

అందాజ అన్న మాటను మనం ఉజ్జాయింపు అనే అర్థంలో వాడతాం, అందులో కొంచెం అలసత్వం ధ్వనిస్తుంది కూడా. నా ఉద్దేశంలో ఆ మాటకు మనం అన్యాయం చేస్తున్నాం. కొలత గ్లాసు లోపలికి వెళ్లేదాన్ని కొలుస్తుంది. చెయ్యి తయారవుతున్నదాన్ని కొలుస్తుంది. మా అమ్మ నీళ్లు మూడు విడతలుగా పోస్తుంది. ప్రతి విడత తర్వాత పిండిని తాకుతుంది. ఎంత బిగువుగా ఉంది, వేలికి ఎంత అంటుతోంది, అరచేత్తో నొక్కితే అంచు చీలుతోందా, వీటిని బట్టి తర్వాతి విడత ఎంతో తేలుతుంది. ఇంజనీర్లు దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. గది ఎంత చల్లబడిందో చూసుకుంటూ ఆగి ఆగి నడిచే ఏసీ మిషన్ సూత్రమూ ఇదే. పిండి మారినా, గిర్నీ మారినా, వాన పడినా ఫలితం మారకుండా చూసే పద్ధతి ఇది. మనిషి అరచేతిలోనూ వేళ్లలోనూ కలిపి స్పర్శను మోసే నాడీతంతువులు సుమారు 17 వేలు ఉంటాయి. గీతలు గీసిన గ్లాసు దానికి సాటి రాదు.

అలాంటప్పుడు ఆ చేతి లెక్కను రాసిస్తే సరిపోదా అని అడగవచ్చు. ఇది వంటింటికి మాత్రమే వచ్చిన చిక్కు కాదు. 1970లో కెనడాలోని ఒక ప్రయోగశాల టీఈఏ లేజర్ అనే కొత్త రకం లేజర్‌ను ప్రకటించింది. దాని వివరాలు అచ్చయ్యాయి. బ్రిటన్‌లో పలు ప్రయోగశాలలు దాన్ని తయారుచేయడానికి పూనుకున్నాయి. హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ ప్రయోగశాలలు తిరిగి, ఎవరికి పని చేసింది, ఎవరికి చేయలేదు అని ఆరా తీసి 1974లో ప్రచురించాడు. కేవలం అచ్చయిన కాగితం చూసి లేజర్‌ను వెలిగించినవాళ్లు ఆయనకు ఒక్కరూ కనబడలేదు. అప్పటికే చేసినవాళ్లను కలిసి, వాళ్లతో తిరిగి, మాట్లాడినవాళ్లకే అది పని చేసింది. అంతకు ముందే మైకేల్ పొలాన్యీ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతిని తాత్వికంగా చెప్పాడు. సైకిలు తొక్కేవాడికి అది పడిపోకుండా ఎలా నిలుపుతున్నాడో చెప్పమంటే చెప్పలేడు, అయినా తొక్కుతాడు. మన జ్ఞానంలో పెద్ద భాగం మాటకు అందని చోట ఉంటుందని ఆయన వాదన. భౌతిక శాస్త్రంలో పట్టాలున్నవాళ్లకే పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాళ్లు అవసరమైతే, తొమ్మిదేళ్ల పిల్లవాడికి నాయనమ్మ అవసరం కాదా!

నాలుగో రోజు మా వాడు కొలత గ్లాసు పక్కన పెట్టేశాడు. ఎవరూ చెప్పలేదు. ముద్ద కుదిరింది. ఇక తట్టడం.

చూసేవాళ్లకు ఇది చాలా తేలిక. పీట మీద పొడిపిండి చల్లి, ఉండను పెట్టి, అరచేత్తో తడుతుంటే రొట్టె తనంతట తానే గుండ్రంగా తిరుగుతూ పెద్దదవుతుంది. ఆ తిరగడంలోనే కిటుకంతా ఉంది. చెయ్యి నిట్టనిలువుగా పడదు, కొంచెం ఏటవాలుగా పడి, లేస్తూ రొట్టెను పిసరంత పక్కకు నెడుతుంది. తట్టడం, తిప్పడం రెండూ ఒకే కదలికలో జరిగిపోతాయి. మా వాడు తడితే రొట్టె తిరగలేదు. ఒకవైపు పలచబడి, రెండోవైపు దిమ్మలా ఉండిపోయింది. వాడి మణికట్టు బిగుసుకుపోయి ఉంది, మోచెయ్యి కదలడం లేదు, దెబ్బ భుజం నుంచి వస్తోంది.

1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే యువ శాస్త్రవేత్త, సుత్తితో ఉలి మీద కొట్టే పనివాళ్ల కదలికలను ఫోటోలు తీసి కొలిచాడు. చేతికీ సుత్తికీ చిన్న దీపాలు కట్టి, వాటి దారిని ఫిల్ము మీద పట్టాడు. ఆరితేరిన పనివాడి చెయ్యి ప్రతిసారీ అచ్చం ఒకే దారిలో వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. సుత్తి మొన పడవలసిన చోటే పడింది, కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకూ వేరువేరు దారుల్లో కదిలాయి. ఒక కీలులో వచ్చిన తేడాను ఇంకో కీలు సరిచేస్తోంది. భుజం నుంచి మణికట్టు దాకా మన చెయ్యి ఏడు రకాలుగా స్వేచ్ఛగా కదలగలదు. ఆ ఏడింటినీ ఒకేసారి అదుపు చేయడం కొత్తవాడికి అలవికాని పని. అందుకే వాడి శరీరం తెలివిగా కొన్ని కీళ్లను బిగించేస్తుంది. సైకిలు నేర్చుకునేవాడు హ్యాండిల్‌ను ఉడుంపట్టు పట్టడం, మా వాడి మణికట్టు కర్రలా ఉండడం రెండూ అదే. నేర్పు పెరిగేకొద్దీ ఒక్కో కీలు విడుదలవుతుంది. అభ్యాసం అంటే ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేయడం కాదు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడం అని బెర్న్‌స్టీన్ తేల్చాడు. పుస్తకాల్లో నాకు ఇష్టమైన మనుషుల్లో ఆయన ఒకడు. కమ్మరి పనిలో అంత లోతైన గణితం ఉందని గౌరవంతో చూసిన కన్ను అది.

మా అమ్మ బెర్న్‌స్టీన్ మాట చెప్పలేదు. వాడి మణికట్టు కింద రెండు వేళ్లు పెట్టి తేలిగ్గా ఆడించింది. "చెయ్యి వదులు చెయ్యి. రొట్టెను కొట్టుడు కాదు కొడుకా, తిప్పుడు. సప్పుడు విను." ఆమె తడితే ఒక చప్పుడు, వాడు తడితే వేరు చప్పుడు. సరిగ్గా తడిసిన పిండి మీద అరచెయ్యి పడితే మెత్తగా, నిండుగా వినిపిస్తుంది. నీళ్లు తక్కువైన పిండి పొడిగా, చెక్క మీద కొట్టినట్టు పలుకుతుంది. రొట్టె పలచబడేకొద్దీ కింది పీట చప్పుడు పైకి తేలుతుంది. కళ్లు చెప్పలేని మందాన్ని చెవి చెబుతుంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు బాగా నచ్చింది. పెద్ద ఉండ వాడి చేతిలోంచి తీసుకుని, నిమ్మకాయంత ఉండ ఇచ్చింది. "ఇది నీ రొట్టె. నువ్వే తట్టాలె, నువ్వే తినాలె."

ఈ చిన్న ఉండ ఒక్క మా ఇంటిది కాదు. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాన్ పెద్రో అనే మాయా జాతి ప్రజల ఊరు ఉంది. బార్బరా రోగోఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970ల నుంచి అక్కడి పిల్లలు ఎలా నేర్చుకుంటారో గమనిస్తూ వచ్చింది. అక్కడి రొట్టె తోర్తియా, మొక్కజొన్న పిండితో చేస్తారు. మొక్కజొన్నలోనూ గ్లూటెన్ లేదు, అక్కడా చేత్తో తట్టడమే. ఇంకా సరిగ్గా నడవడం రాని పసివాళ్లకు కూడా తల్లులు చిన్న పిండి ముద్ద ఇస్తారు. పిల్ల దాన్ని ఎలా తట్టినా పెనం మీద వేస్తారు, ఇంట్లో ఎవరో ఒకరు తింటారు. నాలుగైదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల చేసిన రొట్టె కాస్త మందంగానైనా పనికొచ్చే రొట్టె అవుతుంది. అది ఆటబొమ్మల వంట కాదు. నిజమైన పిండి, నిజమైన పెనం, నిజమైన ఆకలి, పని మాత్రం పిల్ల చేతికి సరిపడేంత. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు, పెద్దవాళ్లు పిల్లలకు చెక్క దిమ్మెలు పేర్చడం ఎలా నేర్పుతారో పరిశీలించి, ఇలాంటి సాయానికి పరంజా అని పేరు పెట్టారు. ఇల్లు కట్టేటప్పుడు కర్రలతో కట్టే పరంజా లాంటిదే. గోడ తనంతట తాను నిలిచేదాకా ఉంటుంది, ఆ తర్వాత ఒక్కో కర్ర విప్పేస్తారు. మూడు రోజుల్లో మా వాడి ఉండ నిమ్మకాయ నుంచి బత్తాయి అయింది. ఎప్పుడు పెంచిందో వాడు గమనించనే లేదు.

రాత్రి నిద్ర కూడా ఈ చదువులో భాగమే. పగలు నేర్చిన చేతి కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుస్తుందని ప్రయోగాలు చూపాయి. సాయంత్రం కుదరనిది పొద్దున్నే కుదిరితే వాడు "ఇయ్యాల చెయ్యికి దానంతట అదే వచ్చింది" అన్నాడు. పట్నంలో పెరిగిన వాడి నోట్లో అప్పటికే నాయనమ్మ మాట తీరు కూడా చేరింది.

మాటే కాదు. మా అమ్మ మొదటి రొట్టెకు ముందు చిటికెడు పిండి పొయ్యిలో వేస్తుంది. పీటను రెండుసార్లు వేళ్లతో తడుతుంది. పెంక మీద నీటి చుక్క చిలకరిస్తుంది. రొట్టెను పెంక మీద వేశాక, పైవైపు తడి చేత్తో నీళ్లు పూస్తుంది. మా వాడు ఈ నాలుగూ వదలకుండా చేశాడు. వీటిలో దేనికి కారణం ఉంది, ఏది ఉత్త అలవాటు?

చుక్క చిలకరించడం థర్మామీటరు. పెంక కొంచెమే కాగితే చుక్క పరుచుకుని చుయ్యిమని ఇగిరిపోతుంది. 200 డిగ్రీల ప్రాంతానికి కాగితే అదే చుక్క ముత్యంలా గుండ్రబడి పెంకంతా ఉరుకుతుంది. అడుగున పుట్టిన ఆవిరి పొర దాన్ని పెంకకు తగలకుండా ఎత్తి పట్టుకుంటుంది. 1756లో జర్మనీ వైద్యుడు యోహాన్ గాట్లాబ్ లైడెన్‌ఫ్రాస్ట్ ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో నీటి చుక్కలు వేసి దీన్ని వర్ణించాడు. ఈనాటికీ అది ఆయన పేరుతోనే ఉంది. పైన నీళ్లు పూయడమూ ఊరికే కాదు. తట్టేటప్పుడు చల్లిన పొడిపిండి పైవైపు ఉంటుంది. దాన్ని అలాగే తిప్పితే మాడుతుంది, రొట్టె బీటలు వేస్తుంది. నీళ్లు పూస్తే ఆ పొడి వేడికి గంజిపొరగా మారి సన్నటి బీటలను మూసేస్తుంది. రెండు వైపులా అలా పొర కట్టాక నిప్పుల మీద వేస్తే లోపలి తేమ ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరైతే లీటరున్నరకు పైనే చోటు ఆక్రమిస్తుంది. బయటికి దారి లేక రెండు పొరలను విడదీసి రొట్టెను బుడగలా లేపుతుంది. పొయ్యిలో వేసిన చిటికెడు పిండికీ, పీట మీద రెండు దెబ్బలకూ మాత్రం నాకు భౌతిక శాస్త్రం దొరకలేదు. మా అమ్మను అడిగితే "మా అవ్వ చేసేది" అంది.

మరి పిల్లవాడు అన్నీ ఎందుకు చేశాడు? స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో ఒక ప్రయోగం ప్రచురించారు. లోపల బహుమతి ఉన్న పెట్టెను పుల్లతో తెరవడం చూపిస్తారు. చూపించేటప్పుడు పైకప్పు మీద పొడవడం వంటి అనవసరమైన పనులు కూడా చేస్తారు. పెట్టె అద్దంలా పారదర్శకంగా ఉండి, ఆ పొడవడం వల్ల ఏమీ జరగదని కళ్లకు కనబడుతున్నప్పుడు, ఉగాండాలోని చింపాంజీలు దాన్ని మానేసి నేరుగా బహుమతి తీసుకున్నాయి. మూడు నాలుగేళ్ల మనిషి పిల్లలు మాత్రం అనవసరమైనదీ చేశారు, అవసరమైనదీ చేశారు. మొదటిసారి చదివినప్పుడు మన పిల్లలు తెలివితక్కువవాళ్లా అనిపించింది. ఇప్పుడు అలా అనిపించదు. పెద్దవాళ్లు చేసే పనుల్లో ఏది అవసరమో చాలాసార్లు ఆ పెద్దవాళ్లకే తెలియదు. అలాంటప్పుడు తనకు అర్థం కాలేదని ఒక మెట్టు వదిలేసేవాడి కన్నా, అన్నీ పట్టుకునేవాడే సురక్షితంగా ఉంటాడు.

దీనికి మొక్కజొన్న కథను మించిన సాక్ష్యం నాకు తెలియదు. మెక్సికో, మధ్య అమెరికా స్త్రీలు మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. వేల ఏళ్ల అలవాటు. ఎందుకని అడిగితే పొట్టు ఊడుతుంది, పిండి బాగా అంటుకుంటుంది అని చెప్పేవాళ్లు. కొలంబస్ తర్వాత మొక్కజొన్న యూరప్ చేరింది. గింజ ఓడెక్కింది, అవ్వ ఎక్కలేదు. ఉత్తర ఇటలీ, స్పెయిన్ పేద రైతులు మొక్కజొన్నను సున్నం లేకుండానే వండుకున్నారు. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ ఒక కొత్త జబ్బును గమనించాడు. ఎండ తగిలిన చోట చర్మం గరుకుగా మారి ఊడడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరు వచ్చింది, గరుకు చర్మం అని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అది విజృంభించింది. అది అంటురోగం కాదు, తిండి లోపం అని జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1915 నాటికి చూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెయెమ్ ఆ లోపం పేరు కనుక్కున్నాడు: నియాసిన్ అనే బి విటమిన్. మొక్కజొన్నలో నియాసిన్ ఉంటుంది, కానీ మన పేగులకు అందని రూపంలో బంధించి ఉంటుంది. సున్నపు నీళ్లు ఆ బంధాన్ని విప్పుతాయి. పొట్టు ఊడడం కోసమని చేసే పని ఇన్ని తరాలను కాపాడుతూ వచ్చిందని ఆ స్త్రీలకూ తెలియదు. పెల్లాగ్రాకు బలైనవాళ్లకూ తెలియదు.

ఈ జబ్బు మన గడప దాకా కూడా వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దక్కను పేద కూలీల్లో, జొన్న తప్ప మరొకటి దొరకనివాళ్లలో పెల్లాగ్రాను చూశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండడమే కారణమని 1960లో ప్రతిపాదించారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. చర్చ ఎలా ఉన్నా, జొన్నరొట్టెను ఒంటరిగా తినకూడదన్న సంగతి మిగిలింది. రొట్టెతో పప్పు, పుంటికూర, పల్లీల పొడి, మజ్జిగ, ఇవి రుచి కోసం మాత్రమే కాదు. రొట్టెలో లేనిది వాటిలో ఉంటుంది. ఆ కూలీల ఇళ్లలో అవ్వలు లేక కాదు జబ్బు వచ్చింది. పప్పు కొనే కూలి లేక వచ్చింది. అవ్వ నేర్పు ఎంత గొప్పదైనా ఖాళీ డబ్బాలోంచి పప్పు తీయలేదు, ఈ మాట చెప్పకుండా సంప్రదాయ వంట గొప్పతనం చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంతకీ నేర్పేది అవ్వే ఎందుకు? జంతువుల్లో ఆడవి చాలావరకు పిల్లల్ని కనగలిగినంత కాలమే బతుకుతాయి. మనుషుల్లో స్త్రీ ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతుకుతుంది. ఉత్తర టాంజానియాలో వేట, సేకరణతో బతికే హాడ్జా ప్రజల మధ్య క్రిస్టెన్ హాక్స్, ఆమె సహచరులు పనిచేశారు. గట్టి నేలలోంచి దుంపలు తవ్వడం పసిపిల్లలకు చాతకాదు. తల్లి కొత్త బిడ్డతో ఉన్నప్పుడు, పెద్ద పిల్లల బరువు వాళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు ఎంత సేపు తవ్వితే అంత పెరుగుతోందని వాళ్లు గమనించారు. మనిషికి దీర్ఘాయువు ఇచ్చింది ఆ తవ్వకమే కావచ్చని 1990ల చివర్లో సిద్ధాంతం చేశారు. దానితో విభేదించేవాళ్లు ఉన్నారు. నాకు అందులో పట్టుకోదగ్గదిగా కనబడేది ఒకటి: పెంచడంలో తీరిక కూడా ఒక పోషకం. నేనూ రొట్టె చేయగలను. కానీ పొద్దున ఏడింటికి ఆఫీసు హడావుడిలో వాడి చేతికి నిమ్మకాయంత ఉండ ఇచ్చి, పగిలిన ప్రతి రొట్టె దగ్గరా ఆగి, నాలుగు రోజులు ఓర్చుకోవడం నావల్ల కాలేదు.

సెలవులు అయిపోయాక ముంబై హైవే మీద హైదరాబాదుకు తిరిగి వస్తుంటే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ గేటు కనబడింది. 1972లో మొదలైన ఆ సంస్థ విత్తన నిధిలో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన జొన్న రకాలు 35 వేలకు పైనే ఉన్నాయి. సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ చలిలో దాచి ఉంచుతారు. వాడికి ఆ సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "వాటన్నిటితో రొట్టె ఎట్ల చెయ్యాల్నో ఎవరికి తెలుసు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం మా ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద వాడు ఒక్కడే మొదలుపెట్టాడు. కొత్త పిండి, కొత్త పెనం. మూడో రొట్టె కూడా అంచులు చీలేసరికి నాయనమ్మకు వీడియో కాల్ చేసి, ఫోను కెమెరా పీట మీదికి తిప్పాడు.

"బొమ్మ అగుపడుతలేదు బిడ్డా, అంత మసకగున్నది" అంది ఆమె. "ఫోను పీట పక్కకు పెట్టు. రెండు సార్లు తట్టు, సప్పుడు ఇంట."

తట్టాడు.

"నీళ్లు తక్కువైనయి. చెయ్యి తడి చేసుకుని మళ్ల మెదుపు."

వాడు వేళ్లు నీళ్లలో ముంచి, ఉండను మళ్లీ పళ్లెంలో వేసి అరచేత్తో నొక్కడం మొదలుపెట్టాడు. అవతల ఆమె ఫోను చెవికి ఆనించుకుని వింటూనే ఉంది.